నెల రోజులు ఆగిన నడకను మళ్లీ పట్టాలెక్కించడం ఎలా?

వ్యాయామం ఆగిపోవడానికి మన ప్రాంతంలో కారణాలకు కొదవ లేదు. మాఘమాసం రాగానే వరుస పెళ్లిళ్లు, రంజాన్ నెలలో తారుమారయ్యే నిద్రవేళలు, వానలు తగ్గే రోజుల్లో ఇంటికొకరిని మంచాన పడేసే జ్వరాలు, శెనక్కాయ పీకే కాలంలో సెలవు పెట్టి మరీ ఊరికి పోవలసిన పనులు. ఇవేవీ అడ్డం రాకపోతే ఏప్రిల్ ఎండ ఎలాగూ ఉంది. అనంతపురంలో పదిహేనేళ్లుగా పొద్దున పూట నడుస్తున్నవాణ్ని కాబట్టి, నడవడంలో ఎంత అనుభవం ఉందో, మానేసి మళ్లీ మొదలుపెట్టడంలోనూ నాకు అంతే అనుభవం ఉంది. మానేసినందువల్ల దెబ్బతిన్నవారిని నేను పెద్దగా చూడలేదు. మానేసిన నెల రోజులను మొదటి మూడు రోజుల్లోనే పూడ్చుకోబోయి పిక్క పట్టేసినవారిని, మోకాలు వాచి విసిగిపోయి ఇంకో నెల ఇంట్లో కూర్చున్నవారిని మాత్రం ఏటా చూస్తూనే ఉన్నాను. పాత లెక్క మనసుకు గుర్తుంటుంది గానీ కాళ్లకు గుర్తుండదు. అందువల్ల ఆపిన చోటి నుంచి కాకుండా, ఈ రోజు మీ ఒళ్లు ఉన్న చోటి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

ఎన్నాళ్లు ఆగారో ముందు తేల్చుకోండి

‘మొన్నమొన్నటి దాకా నడిచాను కదా’ అన్న మాటను నమ్మకండి. గోడ మీది క్యాలెండర్ చూసి గానీ, ఫోనులో అడుగుల లెక్క తీసి గానీ, చివరిసారి మీరు పూర్తిగా వ్యాయామం చేసిన తేదీ ఏదో కనుక్కోండి. మూడు వారాలే అనుకున్నది చాలాసార్లు ఏడు వారాలని తేలుతుంది.

ఈ లెక్క ఎందుకంటే, శరీరంలో అన్నీ ఒకే వేగంతో తగ్గవు, ఒకే వేగంతో తిరిగి రావు. వ్యాయామం ఆపిన 10, 12 రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది. దానితో గుండె కొట్టుకున్న ప్రతిసారీ ముందుకు పంపే రక్తం తగ్గి, పాత వేగంతో నడవబోతే ఆయాసం వస్తుంది. కండరాల బలం మాత్రం మూడు, నాలుగు వారాల దాకా పెద్దగా తగ్గదు. తిరిగి మొదలుపెట్టాక ఊపిరి రెండు, మూడు వారాల్లో చాలావరకు దారిలో పడుతుంది. ఒకప్పుడు బాగా పనిచేసిన కండరం, కొత్తగా పని నేర్చుకునే కండరం కన్నా త్వరగా పుంజుకుంటుంది. కండరం పెరిగినప్పుడు దాని కణాల్లో చేరిన అదనపు కేంద్రకాలు ఆ తరువాత కూడా నిలిచి ఉండడం అందుకు ఒక కారణం కావచ్చునని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అయితే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనాలు, అంటే మడమ వెనక వేలితో నొక్కితే గట్టిగా తాడులా తగిలే దానిలాంటివి, చాలా నెమ్మదిగా గట్టిపడతాయి. రెండో వారం చివర ‘ఇప్పుడు ఆయాసం లేదు కదా’ అని వేగం పెంచినవారికి దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. ఊపిరి చెప్పే మాటను నమ్మి మడమ మీద బరువు వేయకూడదు.

విరామం వారం లోపే అయితే మొదటి రోజు కాస్త తగ్గించి చేసి, మూడో రోజుకు పాత లెక్కకు వచ్చేయవచ్చు; దానికోసం మథనపడనక్కర్లేదు. రెండు వారాల నుంచి రెండు, మూడు నెలల దాకా ఆగినవారికి నేను చెప్పే లెక్క వేరు. అమెరికాలో క్రీడాకారులకు శిక్షణనిచ్చే నిపుణుల సంఘాలు 2019లో ఇచ్చిన మార్గదర్శకాలలో ఒక సులువైన సూత్రం ఉంది: తిరిగి వచ్చిన మొదటి వారం పాత మోతాదులో 50 శాతం తగ్గించాలి, రెండో వారం 30, మూడో వారం 20, నాలుగో వారం 10 శాతం తగ్గించాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద రోజుకు 10 రౌండ్లు, అనగా 4 కిలోమీటర్లు నడిచే మీరు, మొదటి వారం 5, రెండో వారం 7, మూడో వారం 8, నాలుగో వారం 9 రౌండ్లు నడవాలి. ఇది ఇరవై ఏళ్ల ఆటగాళ్ల కోసం రాసిన లెక్క. వాళ్లకే అంత జాగ్రత్త చెప్పినప్పుడు, పెళ్లింట్లో వారం రోజులు ఓళిగలు తిని వచ్చిన యాభై ఏళ్ల మనం ఇంకెంత నిదానించాలో చెప్పనక్కర్లేదు. మూడు నెలలు దాటిందంటే పాత లెక్కను పూర్తిగా పక్కన పెట్టి, కొత్తగా మొదలుపెట్టేవారిలాగా రోజుకు 10, 15 నిమిషాల నడకతో ప్రారంభించడమే మేలు.

జ్వరం వల్ల ఆగి ఉంటే

పెళ్లి వల్ల ఆగడం వేరు, జబ్బు వల్ల ఆగడం వేరు. ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో గరగర వంటివి మాత్రమే ఉంటే నెమ్మదిగా నడవవచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉన్నప్పుడు మాత్రం నడక మాటే ఎత్తకూడదు. జ్వరం దిగిన మరుసటి రోజే మైదానానికి రావడం కూడా మంచిది కాదు. మందు లేకుండా జ్వరం తగ్గి, ఆకలి తిరిగి వచ్చి, ఇంట్లో పనులు అలసట లేకుండా చేసుకోగలిగిన తరువాతే బయటికి రావాలి. డెంగీ, టైఫాయిడ్ వంటివాటి తరువాత నీరసం కొన్ని వారాలు ఉంటుంది. చికున్‌గున్యా వచ్చినవారికైతే కీళ్లనొప్పులు నెలల తరబడి వేధిస్తాయి కాబట్టి, వారు పరుగును తలపెట్టకుండా చదునైన నేల మీద కొద్దికొద్దిగా నడవాలి. వైరస్ జ్వరం తరువాత ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు బైర్లు కమ్మడం, మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం కనిపిస్తే వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించుకోండి. కొందరిలో గుండె కండరానికి వాపు వస్తుంది. అది తేలినవారిని డాక్టర్లు మూడు నుంచి ఆరు నెలల దాకా కఠినమైన వ్యాయామానికి దూరంగా ఉంచుతారు.

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. మీరు ఇంట్లో కూర్చున్న నెలలో మందు మోతాదు పెరిగి ఉండవచ్చు. ఆ మోతాదుతో ఖాళీ కడుపున నడిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. జేబులో నాలుగు చెంచాల చక్కెర పొట్లం కట్టుకుని వెళ్లండి, నడక మళ్లీ మొదలుపెడుతున్న సంగతి మీ డాక్టరుకు ముందే చెప్పండి.

బూట్లను బయటికి తీసి చూడండి

ఇది చిన్న విషయమని వదిలేసేవారే ఎక్కువ. రెండేళ్ల కిందట, రెండు నెలల విరామం తరువాత, నేను మంచం కింది నుంచి బూట్లు లాగి, దుమ్ము దులిపి, నేరుగా ఆర్ట్స్ కాలేజీ మైదానానికి పోయాను. మూడో రౌండులో కుడికాలి కింద టపటపమని చప్పుడు మొదలైంది. వంగి చూస్తే అడుగు అట్ట బొటనవేలి దగ్గర మొసలిలా నోరు తెరుచుకుని ఉంది. రేకుల షెడ్డుకు ఆనుకుని ఉండే మా ముందుగదిలో ఆ వేసవంతా కాగి, అతుకు జిగురు పెళుసెక్కిపోయింది. ఇంటికి చెప్పులు లేని కాలితో రావలసి వచ్చినందుకు నేను బాధపడలేదు గానీ, ఆ ఒక్క సాకుతో ఇంకో తొమ్మిది రోజులు మానేసినందుకు మాత్రం బాధపడ్డాను. కాబట్టి మొదలుపెట్టే ముందురోజు సాయంత్రమే బూట్లను తీసి, రెండు చేతులతో వంచి, అతుకులు చూసి, అడుగు అట్ట బొటనవేలితో నొక్కితే మెత్తగా ఉందో రాయిలా ఉందో పరీక్షించండి. కడప బండలు పరిచిన వరండాలో ఉత్తకాళ్లతో స్కిప్పింగ్ మొదలుపెట్టేవారికి కూడా ఇదే మాట: ఆ బండ ఏమాత్రం లొంగదు, దెబ్బంతా మీ ముంగాలి ఎముక తీసుకుంటుంది.

వేళను ఎంచుకోండి, ఎండను లెక్కలో వేయండి

మే నెలలో మనకు 6 గంటలు కాకముందే తెల్లవారుతుంది, జనవరిలో 6.45 దాకా సూర్యుడు కనిపించడు. ఆగిపోయింది చలికాలంలో, తిరిగి మొదలుపెట్టేది ఏప్రిల్‌లో అయితే, పాత వేళను అలాగే పెట్టుకుంటే ఎండ నడినెత్తిన దిగుతుంది. అలాంటప్పుడు మునుపటి కన్నా కనీసం ఒక గంట ముందే బయలుదేరండి. కర్నూలులో తుంగభద్ర ఒడ్డున నడిచేవారైనా, కడపలో దేవుని కడప చెరువు గట్టు మీద నడిచేవారైనా, వేసవిలో 7 గంటలకల్లా ఇల్లు చేరేలా చూసుకోవాలి.

వేడికి ఓర్చుకునే గుణం కూడా కండబలం లాంటిదే, వాడకపోతే తగ్గిపోతుంది. బెంగళూరులో కూతురి ఇంట్లో ఒక నెల ఉండి, మార్చి చివర అనంతపురం తిరిగి వచ్చినవారిని గమనించండి. అక్కడ రోజూ పార్కులో గంటసేపు నడిచాం కదా అని ఇక్కడ కూడా గంట నడవబోతే అరగంటకే తల తిరుగుతుంది. శరీరం చెమట త్వరగా పట్టేలా, ఆ చెమటలో ఉప్పు తక్కువగా పోయేలా తనను తాను సర్దుకోవడానికి ఒకటి, రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు వేగాన్ని కాదు, సమయాన్ని తగ్గించి, రోజుకు ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. గంట లోపు నడకకు మామూలు నీళ్లు చాలు. చెమట మరీ కారితే ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. ఓఆర్‌ఎస్ కలుపుకునేవారు పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, రుచి కోసం నీళ్లు తగ్గించకూడదు. నడుస్తుండగా వాంతి వచ్చేలా ఉన్నా, మాట తడబడినా, చలి పుట్టినట్టు అనిపించినా, ‘ఇంకొక్క రౌండు’ అనకుండా నీడకు చేరండి.

రంజాన్ ఉపవాసాలు ఉండేవారు ఆ నెలంతా పూర్తిగా మానేయనక్కర్లేదు. ఇఫ్తారుకు ముందు 15, 20 నిమిషాల నెమ్మది నడక గానీ, తిన్న రెండు గంటల తరువాత నడక గానీ పెట్టుకుంటే, పండుగ తరువాత సున్నా నుంచి మొదలుపెట్టవలసిన పని ఉండదు.

మొదటి రెండు వారాలు నడక ఎలా ఉండాలి

వేగానికి కొలత మీ నోరే. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేని స్థితిలో ఉంటే మీరు సరైన వేగంలో ఉన్నట్టు. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకోవలసి వస్తే తగ్గించాలి. చేతికి గడియారం కట్టి గుండె వేగం చూసుకునేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు గానీ, రక్తపోటుకు అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి ఆ అంకె పనికిరాదు. ఆ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి, ఒళ్లు అలసిపోయినా గడియారం మాత్రం అంతా బాగుందనే చెబుతుంది.

మొదటి ఐదు నిమిషాలు సంతకు పోతున్నంత తీరికగా నడవండి, చివరి ఐదు నిమిషాలు కూడా అలాగే. మధ్యలోనిదే అసలు నడక. మొదటి వారం రోజు విడిచి రోజు చేస్తే సరిపోతుంది. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది మీరు చేరవలసిన చోటే తప్ప, మొదటి వారంలోనే చేరి తీరవలసిన చోటు కాదు.

ఎన్ని రౌండ్లు నడిచామన్నది మరచిపోవడం మనందరికీ అలవాటే. మరచిపోయినవారు సాధారణంగా తక్కువ చెప్పుకుని, ఎక్కువ నడుస్తారు. మా మైదానానికి వచ్చే ఒక రిటైర్డ్ టీచరు దీనికి మంచి ఉపాయం కనిపెట్టారు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే ఆ రోజుకు ఎన్ని రౌండ్లని అనుకుంటారో అన్ని చింతగింజలు లెక్కపెట్టి ఎడమ జేబులో వేసుకుంటారు. వేపచెట్టు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఒక గింజను తీసి, చొక్కా కుడి జేబులోకి మారుస్తారు. గింజలు నున్నగా, ముదురు గోధుమ రంగులో, చేతి చెమటకు ఇంకా నిగనిగలాడుతూ ఉంటాయి. ఎడమ జేబు ఖాళీ అయితే ఎంత హుషారుగా ఉన్నా సరే, ఇంటికి పోతారు. ‘ఇంకా దమ్ముంది కదా సార్, ఇంకో రెండు రౌండ్లు వేద్దాం’ అని ఒకసారి నేను అంటే, ‘గింజలు ఇంట్లో ఉన్నాయి, రేపు తెస్తాను’ అన్నారు. విరామం తరువాత మొదలుపెట్టేవారికి కావలసింది సరిగ్గా ఆ హద్దే. ఇంకా చేయగలననిపించినప్పుడే ఆపి రావాలి.

బలాన్నిచ్చే వ్యాయామాలు

వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కూడా ఉండాలి. ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక జిమ్‌లో చేరి, మధ్యలో రెండు నెలలు మానేసి, తిరిగి వెళ్లిన మొదటి రోజే అక్కడి కుర్రాడు నాచేత వంద బస్కీలు తీయించాడు. తీయించాడనడం కన్నా, పరువు కోసం నేనే తీశాననడం న్యాయం. ఆ రోజు ఏమీ తెలియలేదు. రెండో రోజు తెల్లవారి మిద్దె మెట్లు దిగబోతే తొడలు నా మాట వినలేదు. పక్కగోడ పట్టుకుని, వెనక్కి తిరిగి, పసిపిల్లలు దిగినట్టు ఒక్కో మెట్టూ దిగాను. నాలుగు రోజులు అదే తంతు.

అలవాటు తప్పిన కండరానికి నొప్పి వెంటనే రాదు, 24 గంటల నుంచి 72 గంటల మధ్య పెరుగుతుంది. అందుకే మొదటి రోజు ఎంత చేయాలో ఆ రోజు ఒళ్లు చెప్పదు, మీరే నిర్ణయించుకోవాలి. బరువును పైకి ఎత్తడం కన్నా కిందికి దించడం, మెట్లెక్కడం కన్నా దిగడం ఎక్కువ నొప్పిని తెస్తాయి, ఎందుకంటే అప్పుడు కండరం సాగుతూ బరువును ఆపవలసి ఉంటుంది. కొండ నడకలు మొక్కుకున్నవారు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. రెండు నెలలు మానేసి, వారం ముందు మెట్ల మీద సాధన మొదలుపెడితే ఆ వారంలోనే కాళ్లు పట్టేస్తాయి. కనీసం ఆరు వారాల ముందు చదును నేల మీద నడకతో ప్రారంభించి, మూడో వారం నుంచి మెట్లు కలపండి.

మొదటి రెండు వారాలకు నేను సూచించేవి ఇవే: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8 సార్లు, గోడకు అరచేతులు ఆనించి దండీలు 8 సార్లు, గడప మీద పాదాల ముందు భాగం మోపి మడమలు పైకెత్తి నెమ్మదిగా దించడం 8 సార్లు. మొదటి వారం ఒక్క విడత చాలు, రెండో వారం రెండు విడతలు. నేల మీద దండీలు, బస్కీలు, జిమ్ బరువులు మూడో వారానికి ఉంచుకోండి. సూర్యనమస్కారాలు చేసేవారు 12తో కాక 3తో మొదలుపెట్టాలి.

నొప్పులన్నీ ఒకటి కావు. రెండు తొడల్లో సమానంగా ఉండి, కదిలే కొద్దీ తగ్గేది మామూలు నొప్పి. ఒక్క మోకాలిలోనో ఒక్క మడమలోనో సూది గుచ్చినట్టు ఉండి, నడిచే కొద్దీ పెరిగేది గాయం. వ్యాయామం తరువాత కండరాలు విపరీతంగా వాచి, మూత్రం డికాషన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. దెబ్బతిన్న కండరాల నుంచి వెలువడే పదార్థం మూత్రపిండాలకు హాని చేస్తుంది. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి గురించి వేరుగా చెప్పనక్కర్లేదు.

అలవాటును పాత గూటిలో కాక కొత్త గూటిలో పెట్టండి

రోజులో ఇప్పటికే స్థిరంగా జరిగే ఒక పనికి వ్యాయామాన్ని ముడివేయండి. మునుపు పిల్లల్ని స్కూలు బస్సెక్కించి అటునుంచే నడకకు పోయేవారు, పిల్లలు పెద్దయ్యాక ఆ ముడి తెగిపోయిందని గమనించక, ‘బద్ధకం ఎక్కువైంది’ అని తమను తాము తిట్టుకుంటారు. బద్ధకం కాదు, కొక్కెం పోయింది. పాలు కాచిన వెంటనే అనో, ఆఫీసు నుంచి వచ్చి బండి స్టాండు వేసిన వెంటనే అనో కొత్త కొక్కెం చూసుకోవాలి. తెల్లవారుజామున వంటపనితో, వీధికుక్కలతో ఇబ్బంది పడే ఆడవాళ్లకు, సాయంత్రం పూట ఇంటి మిద్దె మీద అరగంట నడవడం మైదానానికి ఏమాత్రం తీసిపోదు.

అలవాటు కుదరడానికి 21 రోజులు చాలని అందరూ చెప్పుకుంటారు. యూనివర్సిటీ కాలేజీ లండన్ పరిశోధకుల అధ్యయనంలో అది సగటున 66 రోజులని తేలింది. కొందరికి 18 రోజులే పడితే, కొందరికి 254 రోజులు పట్టవచ్చునని లెక్కకట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదన్నది కూడా అదే అధ్యయనంలో తేలిన సంగతి. కాబట్టి నాలుగో వారం వచ్చినా మనసు మొరాయిస్తూనే ఉందంటే, మీలో లోపమేదో ఉందని అనుకోకండి. నడక అయ్యాక గుంపుగా పోయి ఉగ్గాని, బజ్జి తినే అలవాటు మంచిదా కాదా అని నన్ను అడిగితే, వారానికి ఒక్కసారైతే మంచిదేనంటాను. ఆ ఉగ్గాని కోసమే ఆదివారాలు తప్పకుండా వచ్చేవారు మా గుంపులో ఇద్దరున్నారు.

రాబోయే విరామానికి ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి

మళ్లీ పెళ్లి వస్తుంది, మళ్లీ జ్వరం వస్తుంది. ఆరోగ్యంగా ఉండి, తీరిక మాత్రమే లేని రోజుల కోసం పది నిమిషాల వ్యాయామం ఒకటి సిద్ధంగా ఉంచుకోండి: ఐదు నిమిషాల వేగం నడక, పైన చెప్పిన మూడు కదలికలు ఒక్కో విడత. వారానికి రెండు రోజులైనా, వేగం తగ్గకుండా చేయగలిగితే, కష్టపడి సంపాదించుకున్న దమ్ములో ఎక్కువ భాగం కొన్ని వారాల పాటు నిలుస్తుంది. జ్వరంలో మాత్రం ఈ పది నిమిషాలు కూడా వద్దు.

ఊరికి బయలుదేరే ముందే, తిరిగి మొదలుపెట్టే తేదీని క్యాలెండర్ మీద రాసి, దాని పక్కన పాత లెక్కలో సగం ఎంతో ఆ అంకె కూడా వేయండి. తిరిగి వచ్చిన రోజు బేరమాడడానికి మనసుకు అవకాశం ఉండదు. వచ్చే నెల మా బావమరిది కూతురి పెళ్లికి పన్నెండు రోజులు ఆదోనిలో ఉండాలి. మా వంటింటి క్యాలెండర్ మీద, మేము తిరిగి వచ్చే సోమవారం గడిలో, ‘5 గింజలు’ అని ఇప్పటికే రాసి ఉంది.